పెరట్లో ఆపిల్ చెట్టు: చలి లేని నెల్లూరు తీరంలో కాస్తుందా?

పెరటి చెట్ల కబుర్లలో ఈ వారం ఆపిల్ గురించి మాట్లాడుకుందాం. చాలా రోజులుగా అడుగుతున్నారు. కావలి నుంచి అడిగారు, విడవలూరు నుంచి అడిగారు, ముత్తుకూరు నుంచి అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఫోన్లో వీడియోలు చూస్తే ఎక్కడైనా కాస్తుందంటున్నారు. పక్కింటాయనకు చెబితే నవ్వుతున్నాడు. మన కోస్తాలో ఆపిల్ కాస్తుందా, కాయదా?"

వీళ్లలో ఒకాయన ప్రశ్న మాత్రం కొంచెం తొందరగా తేల్చాల్సింది. ఆయనది ఇందుకూరుపేట పక్క ఊరు. రిటైరయ్యారు. పెరట్లో ముప్పై ఏళ్ల సపోటా చెట్టు ఉంది. దాన్ని కొట్టించేసి ఆ జాగాలో నాలుగు ఆపిల్ మొక్కలు పెడదామని మనుషులకు కూడా చెప్పేశారట. "మీరేమంటారు?" అని అడిగారు. అయ్యా, ఈ ఎపిసోడ్ అయిపోయేదాకా ఆ చెట్టు మీద గొడ్డలి పడనివ్వకండి. ఎందుకో చెప్తాను.

ముందు చిన్న జవాబు చెప్పేస్తా. మన తీరంలో ఆపిల్ దానంతట అది కాయదు. మనం పనిగట్టుకుని కాయించాలి. చెట్టు మీద ప్రేమ, ఓపిక, మంచినీళ్లు, ఈ మూడూ ఉన్నోళ్లు ఇంటికి ఒకటో రెండో పెట్టుకుని ప్రయత్నం చేయొచ్చు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ డబ్బుతో మార్కెట్లో సిమ్లా ఆపిల్ కొనుక్కుని తినడమే మేలు. ఇది నిరుత్సాహపెట్టడానికి అనే మాట కాదు. చెట్టు సంగతి అర్థమైతే మీరే ఒప్పుకుంటారు.

ఆపిల్ చలిదేశపు చెట్టు. దాని పుట్టిల్లు మధ్య ఆసియా, కజకిస్తాన్ వైపు తియాన్‌షాన్ కొండలు. అక్కడ చలికాలంలో మంచు కురుస్తుంది. ఆ మంచులో లేత పువ్వు బయటికొస్తే మాడిపోతుంది. అందుకని చెట్టు ఒక జాగ్రత్త నేర్చుకుంది. వచ్చే ఏడు పూయాల్సిన పువ్వుకు ఈ ఏడు ఎండాకాలంలోనే మొగ్గ తయారు చేసి పెట్టుకుంటుంది. ఆకు రాల్చి నిద్రపోతుంది. నిద్రలో కూడా చలి తగిలిన గంటలు లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. సుమారుగా 0 నుంచి 7 డిగ్రీల మధ్య చలి ఎన్ని గంటలు పడిందో చూసుకుని, "ఇంక చలికాలం అయిపోయింది, లేవచ్చు" అని అప్పుడు లేస్తుంది. కాశ్మీర్, హిమాచల్ నుంచి మనకొచ్చే మామూలు ఆపిల్ రకాలకు ఇట్టాంటి చలి గంటలు వెయ్యి దాకా కావాలి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. సంక్రాంతి ముందు రాత్రుళ్లు మనం దుప్పటి కప్పుకుని "చలి చంపేస్తోందబ్బా" అంటాం. థర్మామీటర్ చూస్తే మామూలుగా 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మైపాడు, కోడూరు లాంటి సముద్రం పక్క ఊళ్లలో నీటి వెచ్చదనం వల్ల రాత్రి చలి ఇంకాస్త తక్కువే. మన చలికాలం మొత్తంలో ఆపిల్ చెట్టు లెక్కలోకి వచ్చే గంటలు ఎన్ని అంటే, సున్నా. తగ్గడం కాదు, అసలు లేవు.

మరి ఆ చెట్టు తెచ్చి మన పెరట్లో పెడితే ఏమవుతుంది? చచ్చిపోదు. అదే చాలామందిని మోసం చేసేది. మొక్క పచ్చగానే ఉంటుంది, ఆకులు వేస్తుంది. కానీ మొగ్గలు సగం నిద్రలోనే ఉండిపోతాయి. కొమ్మ చివరున్న మొగ్గ ఒక్కటే లేచి పైకి పోతుంది. మధ్యలోవి లేవవు. రెండు మూడేళ్లకు చూస్తే చీపురు పుల్లల్లా పొడుగాటి కొమ్మలు, మధ్యంతా బోడి, చివర్న గుప్పెడు ఆకులు. పువ్వు వస్తే ఎప్పుడో ఒకటి, అది కూడా కాలం కాని కాలంలో. "ఎరువు చాల్లేదేమో" అని మనం ఎరువు వేస్తాం. లోపం ఎరువులో లేదు, చలిలో ఉంది.

అందుకే తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలే మనకు దిక్కు. మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. మొదటిది అన్నా. ఇది ఇజ్రాయెల్‌లో తయారైన రకం. దీనికి 200 నుంచి 300 గంటల చలి చాలంటారు. రెండోది డోర్సెట్ గోల్డెన్. ఇది బహమాస్ దీవుల్లో ఒక ఇంటి పెరట్లో దొరికింది. సముద్రం మధ్య దీవి, మంచన్నది ఎరగని చోటు. దీనికి 100 గంటల చుట్టూ చాలు. మూడోది హెచ్‌ఆర్‌ఎంఎన్ 99. ఇది మన దేశపుదే. హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా పనియాలా ఊరికి చెందిన హరిమన్ శర్మ అనే రైతు పెరట్లో పారేసిన గింజల నుంచి మొలిచిన మొక్క ఇది. ఆ ఊరు కొండ కింద వెచ్చటి జాగా. అక్కడ ఆపిల్ కాయదని అందరూ అనుకునే చోట అది కాసింది. ఆయన దాన్ని అంట్లు కట్టి పెంచాడు. గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ దాన్ని దేశంలో చాలా రాష్ట్రాలకు పంపించింది. 2025లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

"అయితే మేం కూడా తిన్న ఆపిల్ గింజ నాటుతాం" అంటారు కొందరు. నాటొచ్చు, సరదాకి. కానీ ఆపిల్ గింజలో తల్లి గుణం ఉన్నదున్నట్టు రాదు. ఆపిల్ పువ్వు ఎక్కువగా వేరే రకం పుప్పొడితోనే కాయ కడుతుంది. కాబట్టి ప్రతి గింజా ఒక కొత్త కలగలుపు. లక్షల గింజల్లో ఎప్పుడో ఒకటి హరిమన్ శర్మ మొక్క అవుతుంది. అది లాటరీ టికెట్ లాంటిది. టికెట్ కొనండి, వద్దనను. పెరట్లో ఉన్న ఒక్క జాగా మాత్రం లాటరీకి ఇవ్వకండి.

మరి తెలుగు నేల మీద ఆపిల్ కాసిన చోట్లు లేవా అంటే, ఉన్నాయి. తెలంగాణలో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు కాయించాడు. 2020లో ఆ పండ్లు ముఖ్యమంత్రి దాకా వెళ్లాయి, పేపర్లలో వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ రైతుకు అండగా ఉన్నారు. వాళ్లే మన రాష్ట్రంలో చింతపల్లి, లంబసింగి వైపు కూడా ఆపిల్ మొక్కలు పెట్టించి చూశారు. కానీ ఈ ఊళ్ల పేర్లు ఒకసారి మళ్లీ వినండి. కెరమెరి, లంబసింగి. చలికాలం వచ్చిందంటే టీవీలో ఉష్ణోగ్రతలు చెప్పే ఊళ్లు అవి. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు దగ్గర ఉంది. ఒకప్పుడు బెంగళూరు చుట్టుపక్కల కూడా ఆపిల్ తోటలుండేవి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. మన ఇందుకూరుపేట ఎత్తు చెప్పాలంటే మీటర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి "తెలంగాణలో కాసింది, మనకెందుకు కాయదు" అనే మాట సగమే నిజం.

సరే, చలి అసలు లేని చోట కాయించడం ఎట్టా? దీనికి దారి చూపించినోళ్లు ఇండోనేసియా రైతులు. జావా దీవిలో మలాంగ్ పక్కన బాతు అని ఒక ఊరుంది. భూమధ్యరేఖకు దగ్గర. ఏడాది పొడుగునా పెద్దగా తేడా లేని వాతావరణం. అక్కడ ఆపిల్ తోటలున్నాయి, ఏడాదికి రెండు పంటలు కూడా తీస్తారు. వాళ్లు చేసే పని చాలా చిన్నది. కాయ కోసిన కొన్నాళ్లకు చెట్టు మీదున్న ఆకులన్నీ చేత్తో దూసేస్తారు.

ఇందులో కిటుకు అర్థం చేసుకోండి, ఈ ఎపిసోడ్‌లో అసలు సంగతి ఇదే. మొగ్గ తయారైన వెంటనే గాఢనిద్రలోకి పోదు. ముందు కునుకు తీస్తుంది. ఆ కునుకులో ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేది పక్కనున్న ఆకే. ఆ సమయంలో ఆకు తీసేస్తే మొగ్గ లేచి పువ్వవుతుంది, చలితో పని లేదు. ఆలస్యం చేశామా, మొగ్గ గాఢనిద్రలోకి పోతుంది. అప్పుడిక చలి తగిలితేనే లేస్తుంది, మన దగ్గర ఆ చలి లేదు. అంటే చెట్టుకు చలికాలం మనం తెచ్చి ఇవ్వలేం. ఇవ్వలేం కాబట్టి దాన్ని గాఢనిద్రలోకి పోనివ్వకూడదు. మన తీరంలో ఆపిల్ పెంపకమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. బాతు ఊరు కూడా కొండ మీదే ఉంది, రాత్రుళ్లు చల్లగానే ఉంటాయి. మనకు ఆ వసతి లేదు. కాబట్టి వాళ్లకొచ్చినంత పంట మనకొస్తుందని నేను చెప్పను. దారి మాత్రం అదే.

ఇప్పుడు మన తీరంలో చలి కాకుండా ఇంకా మూడు అడ్డంకులున్నాయి. ఉప్పు, నిలవనీళ్లు, మే నెల.

ఉప్పు సంగతి ముందు చూద్దాం. మన తీరంలో రొయ్యల గుంటలు వచ్చాక చాలా ఊళ్లలో బోరు నీళ్లు మారిపోయాయి. కొబ్బరి ఉప్పును తట్టుకుంటుంది, సపోటా తట్టుకుంటుంది. ఆపిల్ తట్టుకోదు. పండ్ల చెట్లలో అది బాగా సున్నితమైంది. నీటి ఉప్పును ఈసీ అనే లెక్కలో చెప్తారు. అది 1 లోపు ఉంటే ధైర్యంగా పెట్టండి. 1.5 దాటితే ఆకు అంచులు మాడటం మొదలవుతుంది. 2 దాటితే ఆ బోరు నమ్ముకుని ఆపిల్ పెట్టకండి. ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉంటే 600 లోపు చూపించాలి. మీటర్ లేకపోతే ఒక సీసాడు నీళ్లు భూసార పరీక్షా కేంద్రానికి గానీ నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకెళ్లి అడగండి. మొక్క కొనకముందు చేయాల్సిన పని ఇది, కొన్నాక కాదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉంటే దాన్నుంచి పక్కకు పోయే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పడతారు చాలామంది. ఆపిల్‌కు పొరపాటున కూడా పట్టకండి. తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. దానికి బదులు ఏసీ నుంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్లు పట్టుకోండి, అందులో ఉప్పుండదు. కార్తీకం వానలప్పుడు డాబా మీద పడే నీళ్లు ఒక ట్యాంకులో నిలవ పెట్టుకోగలిగితే అంతకంటే భాగ్యం లేదు. ఇంకో సంగతి, మీ ఇంటి కిటికీ చువ్వలు ఏడాది తిరక్కుండానే తుప్పు పడుతున్నాయంటే మీకు ఉప్పుగాలి నేరుగా తగులుతోందని అర్థం. అట్టాంటి చోట సముద్రం వైపు గోడ గానీ సరుగుడు చెట్ల చాటు గానీ ఉంటేనే ఆపిల్ మాట ఎత్తండి.

రెండోది నిలవనీళ్లు. మనకు వానలు మిగతా రాష్ట్రానికి పడ్డట్టు పడవు. మన వానల్లో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. వస్తే ఒక్కసారిగా వస్తాయి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగింది మర్చిపోలేదు గదా? 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, మన జిల్లాను తడిపి ముద్ద చేసింది. ఆపిల్ వేరు మూడు నాలుగు రోజులు నీళ్లలో ఊరితే మొదలు దగ్గర బెరడు కుళ్లుతుంది. పైకి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. ఎండలు మొదలయ్యాక ఒక వారంలో వాడిపోతుంది. మనం ఎండకు పోయిందనుకుంటాం. నిజానికి అది నవంబర్‌లోనే పోయింది.

అందుకని గుంటలో నాటకండి, దిబ్బ మీద నాటండి. రెండడుగుల ఎత్తు, ఐదారడుగుల వెడల్పు దిబ్బ కట్టండి. తీరం పక్క ఇసుక నేల అయితే ఇసుకకు సగానికి సగం ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పెన్నా కాలవల కింద రేగడి అయితే ఇసుక కలపండి. అంటు కట్టిన ముడి మట్టికి అర అడుగు పైనే ఉండాలి. ఆ ముడి కింద నుంచి వచ్చే చిగుళ్లు వచ్చినవి వచ్చినట్టు తుంచేయండి, అవి ఆపిల్ కొమ్మలు కావు, వేరు మొక్కవి. కొనేటప్పుడే అడగండి, ఏ వేరు మొక్క మీద కట్టారని. ఎంఎం 106 అయితే నీళ్లు నిలిచే చోట తొందరగా కుళ్లుతుంది. ఎంఎం 111 కాస్త గట్టిది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని నర్సరీలో ఆపిల్ మొక్క కొనకండి.

కొనుగోలు గురించి ఇంకొక్క మాట. ఆపిల్ అని పేరున్నవన్నీ ఆపిల్ కాదు. ఆపిల్ బేర్ అంటే రేగు. వాటర్ ఆపిల్ అంటే నేరేడు కుటుంబంలోది. రెండూ మన తీరంలో చక్కగా కాస్తాయి, మంచి పండ్లే. కానీ ఆపిల్ అనుకుని కొంటే బాధ. బండి మీద మొక్కలు అమ్ముకొచ్చే మనిషి కుండీలో మొక్కకు ఎర్రటి ఆపిల్ కాయ వేలాడుతున్న బొమ్మ చూపిస్తాడు. బొమ్మ చూడకండి, ముడి చూడండి, రకం పేరు అడగండి. అన్నా పెడితే పక్కన డోర్సెట్ గోల్డెన్ ఒకటి ఉండాలి. రెండూ ఒకే సమయంలో పూస్తాయి, తేనెటీగ అటూ ఇటూ తిరిగితేనే కాయ కడుతుంది. ఒక్క చెట్టుకే జాగా ఉందంటే హెచ్‌ఆర్‌ఎంఎన్ 99 చూడండి, అది ఒంటరిగా కూడా కాస్తుందని చెప్తారు. లేదా ఒకే చెట్టు మీద రెండో రకం కొమ్మ అంటు కట్టించుకోండి.

మూడోది మే నెల. రోహిణి కార్తెలో పడమటి వడగాలి కొట్టినప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం సముద్రపు గాలి వస్తే మనం బతుకుతాం, ఆపిల్ వేరు మాత్రం పగలంతా ఉడికి ఉంటుంది. పాదులో అర అడుగు మందాన ఎండుగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ పరవండి. మొదలుకు ఆనించొద్దు, చెదలు పడతాయి. మొదలుకు, పెద్ద కొమ్మలకు సున్నం కొట్టండి, బెరడు పగలదు. పడమటి వైపు మార్చి నుంచి జూన్ దాకా పచ్చ షేడ్ నెట్ కట్టండి. తూర్పు ఎండ బాగా తగలాలి, మధ్యాహ్నపు ఎండ తగ్గాలి. ఇంటికి తూర్పు పక్క జాగా ఉంటే అదే మంచి చోటు.

ఇప్పుడు ఏడాది పొడుగునా ఏ నెలలో ఏం చేయాలో చెప్తాను, రాసుకోండి.

జనవరిలో నాటండి. వానలు అయిపోయి ఉంటాయి, హిమాచల్ నుంచి నిద్రలో ఉన్న మొక్కలు వచ్చేది కూడా అప్పుడే. వాటికి అక్కడి చలి తగిలి ఉంటుంది కాబట్టి మొదటి ఏడు బ్రహ్మాండంగా చిగురిస్తాయి, పూస్తాయి కూడా. దాన్ని చూసి మోసపోకండి. అది హిమాచల్ చలి పూయించిన పువ్వు, మన చలి పూయించింది కాదు. ఆ పువ్వులు గిల్లేయండి. అసలు పరీక్ష రెండో ఏడు.

మొదటి రెండేళ్లు చెట్టుకు ఆకారం ఇవ్వాలి. మూడు నాలుగు కొమ్మలు ఉంచి, అవి మూరెడు పొడుగు పెరిగాక గోనె పురికొసతో మెల్లగా వంచి, నేలకు దాదాపు సమాంతరంగా ఉండేటట్టు మేకులకు కట్టండి. నిటారుగా ఉన్న కొమ్మలో చివరి మొగ్గే రాజ్యం చేస్తుంది. వంచిన కొమ్మలో మధ్య మొగ్గలకు కూడా లేచే అవకాశం వస్తుంది. చలి లేని చోట ఈ వంచడం సగం పని చేసిపెడుతుంది.

మూడో ఏడు నుంచి ఆకు దూయడం. మన తీరానికి సరైన సమయం డిసెంబర్ ఆఖరు నుంచి సంక్రాంతి లోపల. అంతకంటే ముందు చేస్తే పువ్వు తుఫాను వానల పాలవుతుంది. బాగా ఆలస్యం చేస్తే మొగ్గ గాఢనిద్రలోకి పోవచ్చు, కాయ కూడా నడి ఎండల్లో పడుతుంది. ముందు పది పదిహేను రోజులు నీళ్లు తగ్గించండి. ఆకులు ముదురు పచ్చగా, పెళుసుగా అయి, వాటి పక్కన మొగ్గలు ఉబ్బి కనిపిస్తాయి. అప్పుడు కత్తెర తీసుకుని ఒక్కో ఆకు తొడిమ కొంచెం ఉంచి కత్తిరించండి. ఉన్న తొడిమ వారంలో అదే రాలిపోతుంది. విసురుగా దూస్తే ఆకుతోపాటు మొగ్గ కూడా ఊడొస్తుంది, జాగ్రత్త. పెరటి చెట్టుకు ఇది ఒక పూట పని. మనవళ్లు సంక్రాంతికి ఇంటికొచ్చి ఉంటే కూర్చోబెట్టి చేయించండి, సరదాగా చేస్తారు. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు కూడా అప్పుడే తీసేయండి. తర్వాత పాదుకు ఎరువు వేసి నిండుగా నీళ్లు పెట్టండి.

అంతా బాగుంటే మూడు నుంచి ఐదు వారాల్లో పువ్వు కనిపిస్తుంది. తెలుపులో లేత గులాబీ రంగు కలిసిన పువ్వు. కాయలు పడకపోయినా ఆ పువ్వు మన పెరట్లో చూడటమే ఒక వేడుక. పువ్వు మీద ఏ మందూ కొట్టొద్దు, తేనెటీగలు రావాలి. ఒక గుత్తిలో నాలుగైదు పిందెలు పడితే ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. మనసొప్పదు, అయినా తీసేయండి. కాయ ముదరడానికి నాలుగు నెలలు పడుతుంది. అంటే మే, జూన్ నెలల్లో చేతికొస్తుంది. నిమ్మకాయంత అయ్యాక ప్రతి కాయకూ గుడ్డ సంచి గానీ కాగితపు సంచి గానీ తొడగండి. చిలకలకు, ఉడతలకు, పండు ఈగకు మూడింటికీ అదే మందు.

రుచి గురించి ఉన్నమాట చెప్పాలి. ఎరుపు రంగు బాగా రావాలంటే కాయ ముదిరేటప్పుడు రాత్రుళ్లు చల్లగా ఉండాలి. మన మే నెల రాత్రుళ్లు ఎట్టా ఉంటాయో మీకు తెలుసు. కాబట్టి కాయ పసుపు పచ్చగా, ఒక పక్క కొంచెం ఎర్రజీరతో ఉంటుంది. చిన్నగా ఉంటుంది. తీపి పులుపు కలిసి ఉంటుంది. నిలవ ఉండదు, రెండు మూడు రోజుల్లో పిండి పిండిగా అయిపోతుంది. చెట్టు నుంచి కోసి, కడిగి, అక్కడే నిలబడి తినాల్సిన పండు. కాశ్మీర్ ఆపిల్ శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉండి వస్తుంది. ఇది మాత్రం అర నిమిషం కిందటి దాకా కొమ్మ మీదుంది. ఈ రెంటినీ పోల్చొద్దు.

నేలలో ఉప్పు ఎక్కువ ఉన్నోళ్లకు, డాబా ఇల్లు మాత్రమే ఉన్నోళ్లకు ఇంకో దారి ఉంది. నూరు లీటర్ల డ్రమ్ముకు అడుగున కన్నాలు పెట్టి, కింద గులకరాళ్లు పోసి అందులో పెంచుకోవడం. ఏసీ నీళ్లు, వాన నీళ్లు దానికి సరిపోతాయి. తుఫాను వస్తుందంటే గోడ చాటుకు జరుపుకోవచ్చు. డ్రమ్ము మీద నేరుగా ఎండ పడకుండా తెల్ల సున్నం పూయండి, లేదా తడి గోనె చుట్టండి. కాయలు తక్కువే వస్తాయి గానీ చెట్టు మన చేతిలో ఉంటుంది.

ఇప్పుడు సపోటా ఉన్న పెద్దాయన ప్రశ్న. అయ్యా, ఆ చెట్టు ముప్పై ఏళ్లుగా మీ ఉప్పు నీళ్లు తాగింది, తుఫాన్లు చూసింది, ఏ మే నెలా దాన్నేం చేయలేదు. మీరు పట్టించుకోకపోయినా ఏడాదికి బుట్టలు బుట్టలు కాసింది. దాన్ని కొట్టేసి, మొదటి కాయ కోసం కనీసం మూడేళ్లు ఎదురుచూడాల్సిన చెట్టు, అది కూడా కాస్తుందో లేదో తెలియని చెట్టు పెట్టడం వద్దండి. రిటైరైన వయసులో మూడేళ్లంటే చిన్న మాట కాదు. సపోటా కొట్టినా ఆ జాగాలో వేర్లు, మోడు ఉంటాయి, కొత్త మొక్క అక్కడ తిప్పలు పడుతుంది. మీ ఆపిల్ కోరిక చంపుకోమని కూడా నేను చెప్పను. సపోటాకు తూర్పున దాని నీడ మధ్యాహ్నం తర్వాత పడే చోటు ఒకటి చూసుకోండి. అక్కడ ఒక డ్రమ్ములో ఒక్క మొక్క పెట్టండి. పడమటి ఎండకు షేడ్ నెట్ కొనాల్సిన పని లేకుండా ఆ సపోటానే కాస్తుంది. నాలుగొద్దు, ఒకటి చాలు. అది కాస్తే రెండోది పెడుదురు.

అట్టాగే అర ఎకరం, ఎకరం ఆపిల్ పెడదామని అడిగినోళ్లకు కూడా ఇదే జవాబు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ తీసేసి ఆపిల్ పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. నిమ్మ ధర ఒక ఏడు పడిపోవచ్చు, ఇంకో ఏడు లేస్తుంది. ఆ కాయకు మార్కెట్ ఉంది, కొనే మనిషి ఉన్నాడు, మన నేల దానికి అలవాటైంది. ఆపిల్ మన తీరంలో పెరటి ముచ్చటే, అప్పు తెచ్చి వేసే పంట కాదు.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. మొక్క కొనకండి. ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఈసీ ఎంతొచ్చిందో, మీ ఇల్లు సముద్రానికి ఎన్ని కిలోమీటర్లో కామెంట్లలో రాయండి. నేలలో పెట్టాలా, డ్రమ్ములో పెట్టాలా, అసలు వద్దా అనేది ఒక్కొక్కరికీ చెప్తాను. ఇప్పటికే ఆపిల్ పెట్టి మూడేళ్లు దాటినోళ్లు ఉంటే ఆకు ఎప్పుడు దూశారో, పువ్వు ఎన్ని రోజులకొచ్చిందో తారీఖులతో సహా రాయండి. మన తీరానికి సరిపోయే లెక్క మనోళ్ల పెరళ్లలోంచే రావాలి. వచ్చే వారం ఉప్పు నీళ్లకు తట్టుకునే పండ్ల చెట్ల గురించి మాట్లాడుకుందాం.